చద్దివేళ

ప్రాతఃకాలపు ఫలహారమును కాక, మధ్యాహ్నపు భోజనమును కాక, ఆదివారమునాడు ఆ రెండింటికి నడుమ, పదిగంటలు దాటిన తరువాత, తొందరపెట్టువారు లేని చోట తీరికగా కూర్చుండి తిను ఆహారమునకు నేటి నగరవాసులు బ్రంచ్ అను పరదేశపు పేరు పెట్టుకొని, దానికి తగిన స్థలము కొరకు శుక్రవారము సాయంకాలమునుండియే వెదకులాట మొదలుపెట్టుచున్నారు. ఈ యేడు మాఘమాసపు చివరి వారమున నేనును అట్టి అన్వేషణమునకు పూనుకొంటిని. 28 సంవత్సరములుగా కంటబడని నా సహాధ్యాయి, ప్రాణమిత్రుడు, ఖర్గపూరునుండి వచ్చుచుండెను. అతనికి ఆదివారమునాడు ఎక్కడ ఏమి పెట్టవలెనను ప్రశ్న వినుటకు చిన్నదిగా తోచినను, మూడు రాత్రులు నన్ను నిద్రపోనీయలేదు.

ఖర్గపూరనగానే వంగదేశమును తలచుకొని, అతడు తెలుగువాడెట్లయ్యెనని సందేహించువారుందురు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు అక్కడ పెద్ద కర్మాగారమును నెలకొల్పిన నాటినుండి ఉత్తరాంధ్రపు పల్లెలు విడిచి ఎన్నో తెలుగు కుటుంబములు పని వెదకుకొనుచు పోయి ఆ ఊర స్థిరపడినవి. నేటికిని అక్కడి రైల్వే కాలనీలలో తెలుగు వినబడును. నా మిత్రుని తాత అట్లు పోయినవాడు. తండ్రి ఆ కర్మాగారమునందే ఫిట్టరు. కొడుకు మాత్రము తెలుగు ఎం.ఏ. చదువవలెనని పట్టుబట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వచ్చినాడు. మా తండ్రిగారు దక్షిణ మధ్య రైల్వేలో గూడ్సు గార్డు. మా కాపురము మెట్టుగూడ క్వార్టర్లలో. తరగతిలో తొలినాడు ప్రక్కప్రక్కన కూర్చున్న మేమిద్దరము, దూరమున రైలుకూత వినబడగానే ఒక్కసారిగా చేతి గడియారములు చూచుకొని, ఒకరినొకరము చూచి నవ్వుకొంటిమి. బండి వేళకు వచ్చినదా, ఆలస్యమా అని లెక్క చూచుట రైల్వేవారి బిడ్డలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మా స్నేహము ఆ నవ్వుతో మొదలైనది.

అతిథి వచ్చుచున్నాడనగానే ఆతిథేయుని మనస్సులో ప్రేమకంటె ముందు మేల్కొనునది ఊరి పరువు. అతడు విడిచిపోయిన నాటి ఊరు వేరు, నేటి మహానగరము వేరు. ఈ వైభవమునంతను ఒక్క పూటలో, ఒక్క పళ్ళెములో చూపవలెనను తాపత్రయము నన్ను పట్టుకొన్నది. ఫోను చేతబట్టుకొని బంజారాహిల్స్, జూబిలీహిల్స్, గచ్చిబౌలి ప్రాంతపు భోజనశాలల చిత్రములను ఒకటి విడిచి ఒకటి చూచితిని. గాజుగోడలు, ఆ గోడల కావల పచ్చిక, కన్నుల యెదుటనే వేయించి యిచ్చు కోడిగ్రుడ్డు అట్లు, వరుసలు తీర్చిన పండ్లముక్కలు, మెల్లగా మ్రోగు సంగీతము. వారమంతయు యంత్రముల ముందు కూర్చుండి కన్నులు కాయలుకాచిన యువతీయువకులు ఆ ఒక్క పూట ముఖాముఖి కూర్చుండి మాటలాడుకొనుచున్నారనగా నాకు సంతోషమే. అయినను అక్కడ బల్ల కావలెనన్నచో ముందుగా వేళ చెప్పి నమోదు చేసికొనవలెను. ఇచ్చిన రెండు గంటలు ముగియగానే లేవవలెను. 28 సంవత్సరముల మాటలు రెండు గంటలలో ఎట్లు ముగియును?

ఆ తరువాత సికింద్రాబాదు స్టేషను చెంతనున్న ఇరానీ హోటళ్ళు జ్ఞప్తికి వచ్చినవి. సాసరులో వంచుకొని త్రాగు చిక్కని చాయ, దానిలో ముంచగానే కరగిపోవు ఉస్మానియా బిస్కత్తు. మేము చదువుకొన్న విశ్వవిద్యాలయమునకును ఆ బిస్కత్తునకును ఒక్క నిజాము పేరే యుండుట మాకు చదువుకొను దినములలో గర్వముగా నుండెడిది. పాతబస్తీలో నహారీకి పోదమన్నచో వేకువజామునే లేవవలెను. పొద్దెక్కినకొలది డేగిసా అడుగంటును. కిచిడీ, ఖీమా, పుల్లని ఖట్టా కలిపి తిను హైదరాబాదు ఉదయపు ఆహారమును తక్కువది కాదు. తార్నాకలోని టిఫిను హోటళ్ళలో పెసరట్టు పెనముమీదినుండి నేరుగా పళ్ళెములోనికి వచ్చును గాని, ఆదివారమునాడు మనము తినుచుండగా కుర్చీ వెనుక ఒక కుటుంబము నిలుచుండి, మన పళ్ళెములో ఎంత మిగిలినదో కనిపెట్టుచుండును. వారి ఆకలి న్యాయమైనదే. ఆ చూపు వీపున తగులుచుండగా పాత స్నేహితునితో, తల్లి ఎప్పుడు పోయినదని ఎట్లడుగగలము? ఇట్లు ప్రతి చోటును ఒక గుణముచేత నన్ను పిలుచుచు, ఒక లోపముచేత వెనుకకు పంపుచుండెను.

వెదకులాటలో అలసి ఆ బ్రంచ్ అను మాట పుట్టుకను గూర్చి ఆలోచించితిని. దానికి జన్మభూమి ఇంగ్లండు. 1895లో గై బెరింజర్ అను రచయిత హంటర్స్ వీక్లీ అను పత్రికలో ఈ పూటను సమర్థించుచు ఒక వ్యాసము వ్రాసెను. ఆదివారము చర్చినుండి వచ్చి బరువైన మాంసభోజనము చేయుటకు మారుగా, ఆలస్యముగా లేచి, తేనీటితో మొదలుపెట్టి తేలికగా తినవలెననియు, శనివారపు రాత్రి మేల్కొన్నవారికి ఇది ఊరట యనియు, ఇది మనుష్యులచేత మాటలాడించు భోజనమనియు అతని వాదము. మాటలాడించు భోజనమన్న ఆ తలపు నాకు మిక్కిలి నచ్చినది. అలసిన దేహము, ఆలస్యమైన ఆకలి, నచ్చిన మనుష్యుడు, తొందరలేని మాట. ఈ నాలుగును కలిసినప్పుడు ఏ జాతికైనను ఇట్టి పూట ఒకటి ఏర్పడియుండవలెను గదా, మన భాషలో దానికి పేరేలేదా యని వెదకికొంటిని.

పేరు కలదు. చద్దివేళ. కోడికూతకు అరక కట్టిన రైతు, బారెడు పొద్దెక్కిన తరువాత ఎద్దులను నిలిపి, గట్టుమీది చెట్టునీడన కూర్చుండి ఇంటినుండి వచ్చిన మూట విప్పు వేళ అది. ఆంధ్రమున చద్ది, మా తెలంగాణమున సద్ది. రాత్రి మిగిలిన అన్నములో నీళ్ళో మజ్జిగయో పోసి తెల్లవార్లు ఉంచిన ఆ చల్లని ముద్దయెడల మన జాతికి ఎంత మన్నన యన్నచో, పెద్దల మాటను సద్దిమూటతో పోల్చినారు. బతుకమ్మ తొమ్మిదిదినముల పండుగలో చివరినాటికి సద్దుల పేరే పెట్టినారు. చద్దివేళ తినుటకు ముందుగా కొంత కష్టపడియుండవలెను. ఆ పూట ఆకలిని పొలముగాని, పశువులుగాని, రాత్రి జాగరణముగాని సంపాదించి పెట్టును. ఊరక లేచి వచ్చినవానికి అది ఫలహారమే యగును గాని చద్ది కాదు.

మా మెట్టుగూడలో ఈ చద్దివేళ పొలముగట్టును విడిచి రైలుపట్టాల చెంతకు చేరినది. 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడినది; 1893లో లాలాగూడ కర్మాగారము వెలసినది; 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దానికి కేంద్రమైనది. ఈ మూడింటి చుట్టును మెట్టుగూడ జీవితము అల్లుకొన్నది. రాత్రి పదింటికి డ్యూటీ యెక్కి ఉదయము ఆరింటికి దిగు పాయింట్స్‌మన్లు, ఏ వేళకు పోవుదురో ఏ వేళకు వత్తురో ఇంటివారికే తెలియని డ్రైవర్లు, గార్డులు, వీరి ఇండ్లలో పొయ్యి సూర్యుని చూచి వెలుగదు. డ్యూటీని చూచి వెలుగును. కాల్‌బాయ్ అర్ధరాత్రమున వచ్చి తలుపు తట్టి, పుస్తకములో సంతకము పెట్టించుకొని పోయెడివాడు. జెండాలు, చేతిదీపము, డిటనేటర్లు పెట్టిన ఇనుప లైన్‌బాక్సు బండిమీదికి పోయెడిది. ఆ గార్డు పదవికి 2022లో ట్రైన్ మేనేజరను క్రొత్త పేరు పెట్టినారు. ఆ పేరు మా తండ్రిగారి చెవిని పడుటకు ఆయన లేకపోయిరి.

వారు రాత్రి డ్యూటీనుండి తొమ్మిదింటికి ఇల్లు చేరి, బొగ్గుపొడి వాసన వదలునట్లు స్నానము చేసి, పదింటికి పీటమీద కూర్చుండెడివారు. అప్పుడు వారు తినునది ఫలహారము కాదు, నిండు భోజనము. తరువాత కిటికీకి దుప్పటి కట్టి పడుకొనెడివారు. మా వరుసలో ఏ ఇంటి కిటికీకి దుప్పటి వ్రేలాడుచున్నను ఆ ఇంటి ముందు ఆడు పిల్లలు గోలీలాటలో సైతము గొంతు తగ్గించి పోట్లాడుకొనెడివారు. ఒకరి నిద్రను వాడకట్టంతయు కావలి కాయుట మేము అక్కడ నేర్చుకొంటిమి. తండ్రిగారు డ్యూటీకి పోవునప్పుడు అమ్మ నాలుగు గిన్నెల క్యారేజీ కట్టి యిచ్చెడిది. లాలాగూడలో మరమ్మతు చేయు రైలుపెట్టెయు క్యారేజీయే, అమ్మ కట్టి యిచ్చు అన్నపు గిన్నెలును క్యారేజీయే. ఒకటి మనుష్యులను దూరము తీసికొనిపోవును, ఒకటి పోయినవారివెంట ఇంటిని పంపును. రెండింటికిని మా ఇంట ఒక్క పేరు చాలినది.

శనివారము ఉదయము మిత్రుడు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో దిగినాడు. జుట్టు నెరసినది, నడక నెమ్మదించినది. చేతి గడియారము చూచుకొని బండి ఎంత ఆలస్యమో చెప్పుట మాత్రము మారలేదు. ఇంటికి తీసికొనివచ్చి, సాయంకాలము నా జాబితా అతని ముందు పెట్టితిని.

"రేపు పొద్దున ఎక్కడికి పోదాంరా? కొత్త హోటళ్ళు చాలా వచ్చినయి. నీకేం తినాలనుంది?"

అతడు జాబితా చూడనేలేదు. "మెట్టుగూడ, తార్నాక, యూనివర్సిటీ. వీటిని దాటించి ఎక్కడికీ తీసుకుపోకురా," అనెను.

"ఇక్కడ ఏముందని?"

"సగంలో వదిలేసిన పళ్ళెం ఉంది కదరా."

నేను వెంటనే గ్రహింపలేకపోతిని. గ్రహించిన తరువాత మాట రాలేదు. పరీక్షలకు నెలదినములున్న ఒక ఆదివారమునాడు, ఎప్పటివలెనే హాస్టలునుండి నడచి వచ్చి, మా తండ్రిగారి ప్రక్కన చద్దివేళ పళ్ళెము ముందు కూర్చున్నాడు. అమ్మ పెరుగుసద్ది పెట్టి, తొక్కు వేయుచుండగా, హాస్టలు విద్యార్థి యొకడు సైకిలుమీద తంతి పట్టుకొని వచ్చినాడు. ఖర్గపూరులో తండ్రికి ప్రమాదముగా నున్నదని అందులో నుండెను. అతడు ఎంగిలిచేతితోనే లేచినాడు. బండి కెన్ని గంటలున్నవో ఆ ఇంట అందరికిని తెలియును, కూర్చుండి రెండు ముద్దలు తినుమని అమ్మ బ్రతిమాలినది, అతనికి వినబడలేదు. అతడు చేరుసరికి తండ్రి లేడు. కారుణ్య నియామకమున తండ్రి పనిచేసిన కర్మాగారములోనే పని దొరకినది, తల్లి, ఇద్దరు చెల్లెండ్రు అతని భుజములమీద నుండిరి, ఎం.ఏ. పరీక్ష వ్రాయక నిలిచిపోయినది. ఇన్నేండ్లు ఉత్తరములలో, తరువాత ఫోనులో, మేము లోకమునందలి సమస్తమును గూర్చి మాటలాడుకొంటిమి. ఆ పళ్ళెమును గూర్చి మాత్రము ఎన్నడును మాటలాడుకొనలేదు. నేను మరచితిని. అతడు మరువలేదు.

నేను లోపలికి పోయి నా భార్యతో చెప్పితిని. ఆమె సందేహించెను. "ఇన్నేళ్ళకు వచ్చిన అన్నయ్యగారికి సద్దన్నం పెడతారా? ఏమనుకుంటారు?" ఆ మాట ముందుగదిలోనికి వినబడినట్లున్నది. "అదే కావాలి చెల్లెమ్మా," అని అతడు అక్కడినుండియే పలికెను. ఆ రాత్రి ఆమె అన్నము వార్చి, చల్లారిన తరువాత కాచిన పాలు పోసి, తోడువేసి మూతపెట్టెను. వంటింటి దీపమార్పకముందు మూతమీద చేయి వేసి ఒక్కసారి చూచుకొనెను. పండుగకు ముందురాత్రి మా అమ్మ అట్లే చూచుకొనెడిది.

ఆదివారము తొమ్మిదిన్నరకు క్యారేజీ చేతబట్టుకొని బయలుదేరితిమి. ముందుగా క్వార్టర్ల వైపు పోయితిమి. మా క్వార్టరులో ఇప్పుడు మరియొక కుటుంబమున్నది. మేము లోనికి పోలేదు. కిటికీకి దుప్పటి వ్రేలాడుచున్నది. లోపల ఎవరో రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిదురించుచున్నారని తెలిసి ఇరువురమును మాట ఆపి, ఆ ఇల్లు దాటువరకు మెల్లగా అడుగులు వేసితిమి. దాటిన తరువాత అతడు నా ముఖము చూచి, తల యూచెను. ఆ దుప్పటి నా మిత్రునకు నేను చూపదలచిన మహానగరము అంతటికంటె ఎక్కువ చెప్పినది.

పెద్దరోడ్డుమీద తలపైకెత్తి మెట్రో వంతెనను చూచి అతడు నిలిచిపోయినాడు. ఈ నగరమున మెట్రోకు తొలుత సిద్ధమైన భాగము నాగోలునుండి మా మెట్టుగూడ వరకు గల ఎనిమిది కిలోమీటర్లని, 2017 నవంబరులో అది జనులకు తెరచిరని చెప్పితిని. ఒక్క స్టేషను దూరమే కనుక నడిచియే తార్నాక చేరితిమి. తార్ అనగా తీగ, నాకా అనగా కావలిచోటు. ఒకప్పుడు ఇక్కడ తీగకంచె వేసిన తోటకు కావలి యుండెడిదని పెద్దలు చెప్పుదురు. ఆ కూడలినుండి విశ్వవిద్యాలయము వైపు మరలగానే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. చదువుకొను దినములలో దాని గోడ ప్రక్కనుండి వేలసారులు నడిచితిమి. లోపల నేమి జరుగునని ఒక్కనాడును అడిగినవారము కాము. ఆ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరునందు, బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో ఆరంభించినది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో నేటి పేరు దాల్చినది. మరపట్టి తవుడంతయు పోగొట్టుకొన్న తెల్లని బియ్యమునే నమ్ముకొన్నవారికి వచ్చు జబ్బు ఆ బెరిబెరి. నడుచువాని కాళ్ళలో సత్తువ తీసివేయును. తవుడులోనున్న ఒక విటమిను చాలకపోవుటయే దానికి మూలము. ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఆ 1918లోనే స్థాపితమైనది. ఒక్క యేట పుట్టిన ఆ రెండును, ఒకటి అన్నమును, ఒకటి అక్షరమును పట్టుకొని, నలుబదియేండ్లకు ఇరుగుపొరుగులైనవి. మా చేతి క్యారేజీతో ఆ రెండింటి నడుమ నడచుచుండగా నా మనస్సునకు ఏదో నిండుదనము కలిగెను.

ఆర్ట్స్ కళాశాల ముందు నిలిచితిమి. 1939లో తెరచిన ఆ గులాబివన్నె రాతి సౌధము ఉదయపుటెండలో మరింత మెత్తనై కనబడెను. దాని మెట్లమీద చిత్రములు తీసికొను కుఱ్ఱవాండ్రు, వ్యాయామము ముగించి సేదదీరు వృద్ధులు, పుస్తకము తెరచి ఉద్యోగపు పరీక్షలకు చదువుకొను విద్యార్థులు. అక్కడ కూర్చుందమా యని అడిగితిని. అతడు మెట్లకు నమస్కరించి, వ్రాయని పరీక్షను తలచుకొన్నాడు గాబోలు, కొంతసేపు ఊరకుండి, "లోపలికి పోదాంరా, నీడకు," అనెను. రోడ్డు విడిచి కొంత దూరము పోగా, ఈ నేలకు సహజమైన నల్లని పెద్ద బండ యొకటి, దానిపై వాలిన వేపచెట్టు కనబడినవి. ఎండుటాకులు బండమీద పడియుండెను. అతడు అరచేతితో వానిని తుడిచివేసి, తాను ముందు కూర్చుండి, ప్రక్కన చోటు చూపెను. మూడు రాత్రుల నా వెదకులాట అక్కడ ముగిసినది. స్థలమును నిర్ణయించినవాడు అతిథి.

క్యారేజీ పిడి పైకి లాగి, ప్రక్కలకు వాల్చి, గిన్నెలు ఒకటొకటిగా దింపితిని. పైగిన్నెలో చక్రములుగా తరిగిన ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు. దాని క్రింద గత వేసవిని పెట్టిన మామిడికాయ తొక్కు, నూనె ఎఱ్ఱగా తేలి యున్నది. మూడవదానిలో సర్వపిండి, బియ్యపుపిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు కలిపి గిన్నె లోపలి గుండ్రమునకు అద్ది కాల్చిన ఆ బిళ్ళను నాలుగు భాగములుగా విరిచి పెట్టినది నా భార్య, అంచులు కరకరలాడుచు, నడుమ వ్రేలితో పొడిచిన చిల్లుల చుట్టు నూనె మెరయుచుండెను. అడుగుగిన్నె పెరుగుసద్ది. రాత్రి పాలుగా పోసినది తెల్లవారుసరికి అన్నపు మెతుకు మెతుకునకు పట్టి తోడుకొని, గరిటె పెట్టగా గట్టిగా విడివడెను. పులుపు ఇంకను తలయెత్తలేదు, తియ్యదనము పూర్తిగా పోలేదు. అతడు ఆ గిన్నెనే తన ముందు పెట్టుకొని, మూతలో నాకు తీసిపెట్టెను. మొదటి ముద్ద నోట పెట్టుకొని కన్నులు మూసికొనెను. అప్పుడు మేమేమియు మాటలాడలేదు. తరువాత గంటన్నరసేపు ఆపినదియు లేదు. తల్లి ఎప్పుడు పోయినది, చెల్లెండ్ర పెండ్లిండ్లు ఎట్లు చేసినాడు, కర్మాగారములో మధ్యాహ్నపు విరామమున తోటి తెలుగువారికి తాను భారత భాగవతములు చదివి వినిపించుట, పొరుగు బెంగాలీ ఇంట వేసవిని తిను పాంతా భాత్ తొలిసారి చూచినప్పుడు అమ్మ సద్దియే జ్ఞప్తికి వచ్చి తాను లేచి వీధిలోనికి పోవుట, అన్నియు చెప్పెను.

భాగవతమనగానే మా ఇరువురకును ఒక్క ఘట్టమే తోచినది. మా ఓరుగల్లు ప్రాంతమువాడైన బమ్మెర పోతన దశమస్కంధమున చెప్పిన గోపబాలుర చల్దుల కథ తెలుగువారిలో ఎరుగనివారుండరు. అఘాసురుని కడుపులోనుండి బయటపడిన పిల్లలతో కృష్ణుడు, పొద్దెక్కినది, ఆకలియైనది, ఈ కొలనిగట్టు ఇసుకతిన్నె బాగున్నది, ఇక్కడ తిందమని చోటు చూపును. ఆకులు, పూవులు, రాళ్ళు వారికి పళ్ళెములు. నడుమ అతడు, చుట్టును తామరరేకులవలె వారు. ఆ ముద్దలు నోటనుండగానే దూడలు కనబడలేదని అతడు చేతిలోని కబళముతో లేచిపోవును. బ్రహ్మ పిల్లలను దాచివేయును. ఒక సంవత్సరము గడచును. తిరిగివచ్చిన వానిని చూచి, కాలము గడచినట్లే తెలియని ఆ పిల్లలు, ఇంత త్వరగా వచ్చితివే, నీవు లేక మేమొక్క ముద్దయైన తినలేదు, రమ్ము తిందమందురు.

ఎం.ఏ. తరగతిలో ఈ కథకు వేదాంతార్థములు వ్రాసికొన్నవారము; బ్రహ్మమోహమనియు, మాయ యనియు ఎన్నో పుటలు నింపినవారము. ఆ వేపచెట్టు క్రింద నాకు కనబడినది ఆ మాట యొక్కటే. చెలికాడు లేచిపోయిన పంక్తిలో ముద్ద కదలదు. మేమిద్దరము ఈ 28 సంవత్సరములలో వేల పూటలు తింటిమి, బిడ్డలకు పెట్టితిమి, పెండ్లివిందులలో కూర్చుంటిమి. అయినను ఆ ఒక్క ఆదివారపు పంక్తి మాత్రము లేవకయే యున్నది. దానిని ముగించుటకు తగిన చోటును నేను నగరమంతట వెదకితిని. అది మేము చదువుకొన్న నేలమీద, మా అమ్మ కట్టిన తీరుననే కట్టిన నాలుగు గిన్నెలలో నుండెను.

పదకొండున్నర దాటెను. దూరమున సీతాఫల్‌మండి వైపునుండి లోకల్ బండి కూత వినబడినది. ఇరువురమును గడియారము చూచుకొంటిమి. అడుగుగిన్నెలో ఒక్క మెతుకైన మిగులలేదు. అతడు వ్రేలితో అంచు తుడిచి నాకెను. మా ఇంట తిన్నవాడే తన పళ్ళెము కడుగుట నియమము. ఆనాడు అతనికి ఆ అవకాశము లేకపోయినది. సీసాలోని నీళ్ళు నన్ను వంచుమని, చేయి కడుగుకొనెను. తరువాత నాలుగు గిన్నెలను మూతతోసహా తానే కడిగి, బండమీద బోర్లించి, ఆరువరకు వాని ప్రక్కనే కూర్చుండెను.